కంచమెఱుగని వ్రాత

ఆహారమును గూర్చి వ్రాయుట వృత్తిగా గైకొని ఇరువదియేండ్లు కావచ్చినది. ఇంతకాలమును అసత్యమని యెఱిగి ఒక్క వాక్యమైనను అచ్చునకు పంపియుండలేదు. అయినను నా వ్రాతలలో నొకటి ఒక మనిషిని మంచమెక్కించినదను తలంపు నన్ను విడుచుట లేదు. వాక్యములన్నియు సత్యములే యైనప్పుడు దోషమెచ్చట దాగియుండెను?

ఆరోగ్యపు శీర్షికలను నిందించువారు ప్రకటనల సొమ్మువంకకే వేలు చూపుదురు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనపు రాబడితో 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వెలయించిననాటినుండియు మన పత్రికకును మందుసీసాకును చుట్టఱికము కలదు. దానిని నేను పాపముగా నెంచను. జొన్నలను పొగడుమని నాకెవ్వరును రూపాయి యియ్యలేదు. నమ్మియే పొగడితిని. అందుచేతనే నా నేరమును ఎవరిమీదికిని నెట్టలేకున్నాను.

మాది కరణ్‌కోట. సిమెంటు కార్పొరేషను వారి కర్మాగారమును, చుట్టుపట్ల నాపరాతి గనులును, తాండూరు పేరును నలుదెసల మోయు కందిచేలును గల సీమ. ఒక వానాకాలపు చివర ఊరికి పోయినప్పుడు, చిన్ననాటినుండి నేనెఱిగిన బండలగని కూలియొకడు అరుగుపై గోడకు చేరగిలి కూర్చుండియుండెను. మెడచుట్టును ముంజేతులమీదను చర్మము నల్లబడి పొలుసులు లేచియుండెను. గనిలో ఎండ తగిలినదనుకొంటిని. ఏమైనదని అతని తల్లి నడిగితిని.

"నువ్వు రాసిన కాయితం పిల్ల సదివి ఇనిపిచ్చింది బిడ్డా. షుగరుకు మంచిదంటివి గద, అప్పటి సంది బియ్యం ముట్టలే. రొట్టె, తొక్కు, గంతే."

"పప్పు తినుట లేదా పెద్దమ్మా?"

"కందులన్నీ గంజుల అమ్మితిమి. పప్పు సంగతి అండ్ల లేదు గద."

ఆమె నిందింపలేదు. నా వ్రాతను నమ్మిన స్వరముతోనే చెప్పినది. నేనును అప్పటికి గ్రహింపలేదు. ప్రభుత్వాసుపత్రి వైద్యుడు అతని మెడ చూచిన క్షణముననే పెల్లాగ్రా యను పోషకలోపపు వ్యాధి యనెను, నికోటినిక్ ఆమ్లపు మాత్రలిచ్చెను, కొన్ని వారములలో అతడు కోలుకొనెను. కల్లు అలవాటును ఒక కారణమేనని కూడ వైద్యుడు చెప్పెను. ఆ మాటను పట్టుకొని కొన్నాళ్ళు నేను సుఖముగా నిద్రపోయితిని.

అయితే ఆ నిద్ర నిలువలేదు. ఏలయన ఆ వ్యాధి నాకు తెలియనిది కాదు. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో, జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను పేదలలో పెల్లాగ్రా కనబడుటకు హేతువేమని విచారించి, జొన్నలోని ల్యూసిన్ అను ఆమైనో ఆమ్లపు ఆధిక్యమే కారణము కావచ్చునని సి. గోపాలన్, శ్రీకంఠయ్యగారలు 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ సిద్ధాంతమును తరువాతివారు కొందరు సంశయించిరి. కాని జొన్నతప్ప మఱొకటి లేని కంచమున ఆ జబ్బు రావచ్చుననుటలో సంశయము లేదు. ఇది నేను చదివితిని. నా వ్యాసపు మొదటి ప్రతిలో ఈ సంగతి నొక వాక్యముగా వ్రాసియు నుంటిని. నిడివి మించినది, పాఠకుడు బెదరుననియు తోచినది, నా కలమే దానిని కొట్టివేసినది.

ఆహారమే ఔషధమని మనవారు తఱచుగా చెప్పుదురు, నేనును చెప్పితిని. ఔషధమే యైనచో మోతాదు చెప్పవలదా? మోతాదు చెప్పుటకు తినువాని నాడి చూడవలదా? వైద్యుని యెదుట ఒక మనిషి కూర్చుండును. నా యెదుట కాగితము మాత్రమే యుండును. జొన్నరొట్టెతోపాటు పప్పు, పెరుగు, కూర, గ్రుడ్డు తినువాని యింట నా వాక్యము సత్యమయ్యెను. రొట్టెయు తొక్కును మాత్రమే గలవాని యింట అదే వాక్యము, ఒక్క అక్షరమైనను మారక, అసత్యమయ్యెను. సత్యము చదువువాని కంచమును బట్టి మారునదైనచో, ముఖమెఱుగని వేలమందికి తిండి నేర్పుట ఎట్టి సాహసము!

అందుచేత మానివేయుదునని నిశ్చయించుకొని రెండు మాసములు కలము ముట్టలేదు. ఆ రెండు మాసములలో తాండూరు సంతనుండి మా ఊరివారు షుగరును మూలముతో పెఱికివేయునను పొడి యొకటి కొని తెచ్చుకొనిరి. నేను మౌనముగా నున్నంత మాత్రమున వారి చెవులకు మాటలు కఱవు కాలేదు. ఇందులో నాకు సమాధానము దొరకలేదు. వ్రాసినను కీడే, వ్రాయకున్నను కీడే యని తోచినది, ఇప్పటికిని అట్లే తోచుచున్నది. అయినను మరల వ్రాయుచున్నాను. ఒక్కటి మాత్రము మారినది: నిడివి మించినప్పుడు పొగడ్తను కొట్టివేయుదును, హెచ్చరికను ఉంచుదును.

ఆనాటి సవరణ నేటివఱకును అచ్చు కాలేదు. జొన్నలను గూర్చిన ఆ వ్యాసమును కత్తిరించి దాచుకొన్నవారెవరైన నున్నయెడల, దాని క్రింద ఇది వ్రాసికొనుడు: రొట్టెతో పప్పును మానకుడు; అమ్ముకొను కందులలో ఇంటికి కొన్ని ఉంచుకొనుడు; మెడమీదను ముంజేతులమీదను ఎండ తగులుచోట్ల చర్మము నల్లబడి పొలుసులు లేచినచో, ఎండదెబ్బ యనుకొనక వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోయి చూపించుకొనుడు.