చూపు పుచ్చుకోవచ్చు, ఇవ్వకూడదా?

పాన్‌లోకి వాడే సున్నం ప్యాకెట్టును పిల్లలు ఆటగా నొక్కుతారు. అది చిట్లి కంట్లో పడితే కన్నే పోవచ్చు. సున్నం ఆమ్లంకన్నా లోతుకు దిగి కాలుస్తుంది. (తల్లులు గుర్తుంచుకోవాలి: ముందు చాలాసేపు ధారాళంగా నీళ్ళతో కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. పసర్లు పోయరాదు.)

నల్లగుడ్డు తెల్లగుడ్డుతో కలిసే అంచున, కార్నియా పైపొరను నిత్యం కొత్తగా పుట్టించే మూలకణాలను అల్లాహ్ అమర్చాడు. అవి కాలిపోతే కార్నియా మీదికి రక్తనాళాలు పాకి చూపు మూసుకుపోతుంది. అప్పుడు కార్నియా ఒక్కటే మార్చితే నిలవదు, ముందు ఆ అంచు బాగుపడాలి. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై నాటుతారు. ప్రసవంలో మాయతోపాటు వచ్చే పలుచని పొరను అందుకు పరుపుగా వాడతారు. ఈ పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 2012లో లోకానికి తెలియజేశారు.

తన దేహం నుంచి తనకే గనుక ఇందులో సందేహానికి తావులేదు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్‌ఫజా (రజి)కు, పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పారు కదా!

రెండు కళ్ళూ కాలితే? తల్లో, అన్నో తమ కంటి అంచు నుంచి చిన్న ముక్క ఇస్తారు, వారి చూపు వారికుంటుంది. ఇచ్చేవారి ప్రాణానికి, అవయవపు పనికి హాని లేకుంటే ఇలాంటి దానం ధర్మసమ్మతమేనని, అమ్మకం మాత్రం నిషిద్ధమని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1988లో జిద్దాలో తీర్మానించింది.

లోపలి పొరలు కూడా తెల్లబడి మచ్చకట్టిన కంటికి మృతుల కార్నియా కావాలి. కష్టమంతా ఇక్కడే. మృతుని ఎముక విరవటం బతికున్నవాని ఎముక విరవటం వంటిదన్న భావంగల హదీసు ఆధారంగా మన దేశంలో ఎందరో ముఫ్తీలు మరణానంతర దానాన్ని ఒప్పుకోలేదు. సౌదీ ప్రముఖ ఉలమా మండలి 1978లోనే కార్నియాను షరతులతో అనుమతించింది. ఆ హదీసు మృతదేహాన్ని అవమానించటాన్ని వారిస్తోందని, గౌరవంగా ఒక పలుచని పొర తీసి రెప్పలు మూయటం అవమానం కాదని మాకు తోస్తోంది. అయినా ఇరుపక్షాలలోనూ దైవభీతిగల పండితులున్నారు, మేము ఎవరినీ ఒత్తిడి చేయం.

మమ్మల్ని బాధించేది వేరొకటి. మన బిడ్డకు కార్నియా కావలసినప్పుడు నేత్రనిధి వద్ద పేరు రాయిస్తాం, అది ఎవరి కన్నో అడగం. ఎవరింటనో శవం దగ్గర ఏడుస్తూనే సంతకం చేసినవారి కానుక అది. అదే మన పొరుగు ముస్లిం నేత్రదానానికి సిద్ధపడితే మస్జిద్ మెట్లమీదే నిందిస్తాం! దానం నిషిద్ధమని నమ్మేవారు పుచ్చుకోవటం గురించి కూడా తమ ఆలిమ్‌నే అడగాలి. సమ్మతమని నమ్మేవారు ఇంటివారికి ఇప్పుడే చెప్పి ఉంచాలి. మరణించాక కార్నియాను సుమారు ఆరు గంటల్లోపే తీయవలసి ఉంటుంది.