వెనక సీటు

టూరింగ్ బండికి సీటు మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో బాగా తేలికైనది. తాళం తిప్పితే వెనక సీటు ఊడొస్తుంది. దాని కింద రెండు బోల్టులు. అవి తీసి ముందు సీటుని వెనక్కి లాగితే, టాంకు కిందకి దూరి ఉన్న దాని నాలుక బయటికొస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ఆ నాలుక గాడిలో సరిగ్గా కూర్చుందా, అడుగున ఉన్న రబ్బరు బుష్‌లు ఫ్రేము మీద ఆనుతున్నాయా అని చూసుకోవాలి. బోల్టుల్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పాకే పానా పట్టాలి. అన్ని బళ్ళకీ ఇదే వరస కాదు గానీ, నా బండికి ఇరవై నిమిషాలు చాలు.

అసలు సంగతి సీటుని తిరగేసినప్పుడు మొదలవుతుంది. ప్లాస్టిక్ పళ్ళెం, దాని మీద ఫోము, పైన కవరు, అంచు చుట్టూ స్టేప్లర్ పిన్నులు. రెండు సీట్లనీ గచ్చు మీద పక్కపక్కన పెట్టి చూశాను. ముందుది వెడల్పుగా, మధ్యలో కాస్త గుంటగా ఉంది. వెనకది సన్నగా, పల్చగా, ముందుకి వాలుతూ ఉంది. ఇద్దరి గురించీ ఒకేలా ఆలోచించి చేసిన వస్తువులు కావవి. షోరూములో బండెక్కి చూసేది డబ్బులు కట్టేవాడు. అతను కూర్చునేది ముందు.

అక్కడైనా అతను కూర్చునేది ఐదు నిమిషాలే. మెత్తటి ఫోము ఐదు నిమిషాలకి హాయిగానే ఉంటుంది. రెండు గంటలకి అణిగిపోయి, ఒళ్ళంతటి బరువూ పిరుదుల్లోని రెండు ఎముకల మీద పడుతుంది. దూరం వెళ్ళేవాళ్ళు కొంచెం గట్టి సీటు ఎందుకు ఎంచుకుంటారో మొదటి వంద కిలోమీటర్లకే అర్థమవుతుంది. అయినా నడిపేవాడికి వేరే వెసులుబాట్లున్నాయి. స్పీడ్ బ్రేకర్ అతనికి ముందే కనిపిస్తుంది, ఫుట్‌పెగ్గుల మీద కాస్త లేచి దెబ్బ తప్పించుకుంటాడు. వెనక కూర్చున్న మనిషికి ఆ స్పీడ్ బ్రేకర్ సంగతి వెన్నుపూస ద్వారానే తెలుస్తుంది.

(వెనక సీటు పీకేసి లగేజీ రాక్ బిగించుకునే రైడర్లతో నాకు పేచీ లేదు. ఒక్కడే వెళ్తానని వాళ్ళు నిజాయితీగానే చెప్తున్నారు.)

చట్టం ఈ మనిషిని పూర్తిగా మర్చిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చునేవాళ్ళకి డ్రైవరు సీటు వెనక గట్టిగా బిగించిన సరైన సీటు ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది పట్టుకోడానికి పిడి, కాళ్ళు పెట్టుకోడానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలంటుంది. అదే మనం శారీ గార్డ్ అనేది, కొత్త బండి ఇంటికి రాగానే కుర్రాళ్ళు ముందుగా విప్పి పారేసేది. పడిపోకుండా ఉండటం వరకు చట్టం చూసుకుంది. నొప్పి లేకుండా కూర్చోవడమన్నది ఆ ఇద్దరి మధ్య వ్యవహారం.

ఇక్కడే నన్ను సతాయించే ప్రశ్న ఉంది. దారిలో టీకి ఆగినప్పుడల్లా మా ఆవిడని "ఎలా ఉంది?" అని అడుగుతాను. "బానే ఉంది" అంటుంది. ఆ మాటని నమ్మాలా?

యాన్ ఎల్‌స్టర్ 1983లో ఒక పుస్తకం రాశాడు. దాని పేరే పుల్లని ద్రాక్షలు. అందనిదాన్ని మనిషి కోరుకోవడం మానేస్తాడనీ, ఆ కోరుకోకపోవడాన్ని అతని ఇష్టంగా లెక్కేయడం కుదరదనీ వాదిస్తాడు. అమర్త్య సేన్ కూడా ఇలాంటి మాటే అంటాడు: లేమికి అలవాటుపడ్డవాళ్ళు తృప్తిగా ఉన్నామంటే, ఆ తృప్తితో వాళ్ళ బతుకుని కొలవకూడదని. మన ఇళ్ళల్లో దీనికి "అడ్జస్ట్ అవ్వడం" అని పేరు. ఈ లెక్కన "బానే ఉంది"ని పక్కన పెట్టెయ్యాలి. కానీ అది కూడా మింగుడుపడదు. ఎమ్మే చదివిన మనిషి తన ఒంటి గురించి తాను చెప్పిన మాటని, ఎల్‌స్టర్‌ని చదివానన్న ధీమాతో నేను కొట్టిపారెయ్యడం ఏం మర్యాద? ఆవిడ నొప్పి ఆవిడకంటే నాకు బాగా తెలుసనడం ఇంకో రకం పెత్తనం.

ఈ ముడి నాకు పుస్తకంలో విడలేదు. ఆన్‌లైన్‌లో కొన్న కొత్త ముందు సీటు బిగిస్తూ, వెనక సీటు గచ్చు మీద ఉండగా అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. మా ఆవిడ వంగి, ఆ వాలు మీద చెయ్యి పెట్టి, "ఇదిగో, ఇక్కణ్ణించి నువ్వు బ్రేకేసినప్పుడల్లా ముందుకి జారతాను. తొడలు బిగపట్టుకుని కూర్చోవాలి" అంది. మూడేళ్ళలో ఎప్పుడూ వినని వాక్యం. దారిలో చెప్పిందీ అబద్ధం కాదు. నార్కెట్‌పల్లి దగ్గర టీ తాగుతూ అడిగితే ఏ జవాబిచ్చినా మిగతా దూరం ఆ సీటు మీదే వెళ్ళాలి. అప్పుడు నాది పలకరింపు, ఆవిడది మర్యాద. బోల్టులు విప్పి ఉన్నప్పుడు అడిగితేనే అది ప్రశ్న. ఆఫీసులో మేమూ రిలీజ్ అయిపోయాకే యూజర్లకి సర్వే పంపిస్తాం, అందరూ నాలుగు నక్షత్రాలిస్తారు, మేం సంతోషిస్తాం.

పర్సిగ్ 1974 నాటి జెన్ పుస్తకాన్ని హాస్టల్లో ఉన్నప్పుడు క్వాలిటీ గురించి చదివాను, ఈమధ్య ఆ వెనక సీటులోని కుర్రాడి కోసం చదివాను. స్నేహితుడి హ్యాండిల్ వదులైతే బీరు డబ్బా రేకుతో సరిచేస్తానన్నంత శ్రద్ధ ఉన్న తండ్రి. వెనక పదకొండేళ్ళ క్రిస్‌కి దారి పొడుగునా తండ్రి వీపే కనిపిస్తుంది. చివర్లో వాడు పెగ్గుల మీద నిలబడి, తండ్రి భుజాల మీంచి మొదటిసారి రోడ్డు చూస్తాడు. క్వాలిటీ మీద ఉన్న పేజీలన్నిటికంటే నాకు ఆ నిలబడటమే పెద్ద వాదనలా తోస్తోంది.

వెనక సీటుని పుత్లీబౌలి తీసుకెళ్ళాం. షాపతను సీటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలా చెయ్యమంటారు సార్?" అని నన్నే అడిగాడు. నేను పక్కకి జరిగాను. మా ఆవిడ చెప్పింది: వాలు తీసెయ్యాలి, రెండు వేళ్ళ వెడల్పు పెంచాలి, మరీ మెత్తగా వద్దు. అలా చేస్తే వెనకాల ఎత్తు పెరుగుతుందని అతను నావైపు చూసి హెచ్చరించాడు. "పెరగనివ్వండి, రోడ్డు కనిపిస్తుంది" అంది.

కవరుకి ఇంకా నాలుగు మూలలే పిన్నులు కొట్టించాం. వచ్చే ఆదివారం నాగార్జునసాగర్ వెళ్ళొచ్చాక మిగతావి.