తాళాలు చేతికిస్తేనే భజన నిలుస్తుంది

ఈ వారం వీడియోలో టైమ్ సరిపోక చెప్పలేకపోయిన మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మొన్న ధనుర్మాసంలో సెలవు పెట్టి ఊరెళ్లాను. మా రామాలయంలో తెల్లవారుజామున భజన. నా చిన్నప్పుడు ముప్పై మంది దాకా ఉండేవాళ్లు. ఇప్పుడు నలుగురే, అందరూ డెబ్భై దాటినవాళ్లు. హారతి అయ్యాక మా తాతయ్య స్నేహితుడొకాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ కుర్రాళ్లెవరూ గుడికి రారేంట్రా? ఆ ఫోన్లలో అంత ఏముందిరా?" అని అడిగారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఇదే గుడిలో తాళం తప్పానని నా చేతిలోంచి తాళాలు లాక్కున్నది ఆయనే. "వెళ్లి వెనక కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ తర్వాత వెళ్లడమే మానేశాను.

ఆయన్ని తప్పుపడదామని నోటిదాకా వచ్చింది. కానీ నేను చేసిందేమిటి? మా అపార్ట్‌మెంట్‌లో శనివారం భజన మొదలుపెట్టింది నేనే. ఇంటర్ చదివే ఒకబ్బాయి గిటార్ తెచ్చుకుంటానంటే, "ఇదేం మ్యూజిక్ షో కాదు తమ్ముడూ" అనేశాను. అతను మళ్లీ రాలేదు. తాళాలు లాక్కునే చెయ్యి ముసలిదే అవ్వక్కర్లేదు.

అన్నమయ్యని చూడండి. శ్రీనివాసుడికి ఆయన జోలపాట పాడాడు, సువ్విపాట పాడాడు, జాజరపాట పాడాడు. ఇళ్లల్లో వడ్లు దంచుతూ, వీధుల్లో ఆడుతూ జనం పాడుకునే వరసల్నే స్వామి దగ్గరకు తీసుకెళ్లాడు. ఇవి గుడికి తగవని తోసెయ్యలేదు.

తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. ఆ సంకీర్తనల్ని వేల సంఖ్యలో రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచారు. చాలావరకు పాటలు కొన్ని వందల ఏళ్లు ఆ చీకట్లోనే ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు పరిష్కరించి ప్రచురించారు. రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యముంది. స్వరం మాత్రం లేదు. అందుకే చాలా పాటలకు మళ్లీ కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. అంటే రాగి మీద అక్షరం నిలిచింది. పోయింది పాట. నోటి నుంచి నోటికి అందాల్సింది ఆగిపోయింది కాబట్టి పోయింది.

నిజం చెప్పాలంటే మా ఛానల్ కూడా ఒక రాగిరేకుల అరే. బ్యాకప్ మీద బ్యాకప్ ఉంది. కానీ చూసినవాళ్లలో పాడేవాళ్లెంతమంది? భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తుల్లో శ్రవణం మొదటిది, కీర్తనం రెండోది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మనం మొదటి మెట్టు మీదే హాయిగా కూర్చుండిపోతున్నాం.

ఆ ప్రహ్లాదుడు ఎవరు? బడిపిల్లాడు. గురువులు పక్కకు వెళ్లిన సమయంలో తోటి రాక్షస బాలురను కూర్చోబెట్టుకుని హరిభక్తి చెప్పాడు. ఆ ఇంట్లో పెద్దాయన విష్ణువు పేరెత్తితేనే మండిపడేవాడు. అలాంటి చోట భక్తి ఒక పిల్లాడి నోట బతికింది. మన పిల్లలకి ఇంకా వయసు రాలేదని ఏ ధైర్యంతో అంటున్నాం?

పెద్దలకు నాదో చిన్న మనవి. పిల్లలు తాళం తప్పుతారు. తప్పనివ్వండి, పక్కన కూర్చుని సరిచెయ్యండి. శ్రుతి తప్పిన భజన స్వామి విన్నా వింటాడు. మనుషుల్లేని భజన ఎవరు చేస్తారు?

నా వయసువాళ్లకీ ఒక మాట. గుడిలో ఏదీ మనకి నచ్చినట్టు లేదని దూరంగా నిలబడి రివ్యూ ఇవ్వడం తేలిక. ఈ శనివారం దగ్గర్లో ఉన్న గుడికి వెళ్లండి. ఒక్క కీర్తన, పల్లవీ ఒక చరణమూ చాలు, చూడకుండా పాడేలా నేర్చుకోండి.

ఆ రోజు నేను ఆ పెద్దాయనకి పాత సంగతి మెల్లగా గుర్తుచేశాను. ఆయనకి అసలు గుర్తే లేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు భజనలో తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండో చరణంలో మళ్లీ తప్పాను. ఆయన నా వైపు చూశారు, తలతో తాళం వేసి చూపించారు, పాట ఆపలేదు.

ఊరి నుంచి రాగానే ఆ గిటార్ తమ్ముడి ఇంటి బెల్ కొట్టాను. వస్తానని ఇంకా అనలేదు. ఈ శనివారం మళ్లీ అడుగుతాను.

జై శ్రీమన్నారాయణ.