స్వప్నపురమున దిగిన బాటసారి

వేదాంతమున స్వప్నస్థానమునకు 'సంధ్యము' అని పేరు. జాగరణమునకును సుషుప్తికిని నడుమనుండు సంధి యగుటచే దాని కాపేరు వచ్చినది. బృహదారణ్యకోపనిషత్తు ఆ మాటను వాడినది. బ్రహ్మసూత్రముల మూడవ యధ్యాయమున రెండవ పాదము ఆ విచారముతోనే మొదలగుచున్నది. అమెరికా దేశమున 1959 మొదలు 1964 వరకు ప్రసారమైన యొక టెలివిజను కథామాలికకు 'ది ట్విలైట్ జోన్' అని పేరు. సంధ్యామండలమని దాని యర్థము. మన సూత్రములతో నిమిత్తము లేకయే ఆ పేరు చక్కగా కుదిరినది.

రాడ్ సెర్లింగ్ వ్రాయగా ఆ మాలికలో 1960 మే 6వ తేదీన ప్రసారమైన కథయొకటి కలదు. పేరు 'ఎ స్టాప్ ఎట్ విల్లోబీ', అనగా విల్లోబీలో ఒక మజిలీ. గార్ట్ విలియమ్స్ అనువాడు న్యూయార్కులో ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగి. కొలువులో యజమాని ఊపిరి సలుపనీయక తరుముచుండెను. ఇంట భార్య అతని మెత్తదనమును ఎత్తిపొడుచుచుండెను. చలికాలపు సాయంకాలమొకటి, రైలులో ఇంటికి పోవుచు అతడు కునుకు తీసెను. కన్ను తెరచునప్పటికి బండి ఒక చిన్న ఊరిలో ఆగియుండెను. అది 1888వ సంవత్సరపు వేసవి. పిల్లలు గాలములు పట్టుకొని చేపలకు పోవుచుండిరి. తోటలో బ్యాండు మ్రోగుచుండెను. ఎవ్వరికిని తొందర లేదు. మెలకువ వచ్చి అడుగగా, ఈ దారిలో అట్టి స్టేషను లేదని కండక్టరు చెప్పెను. మరియొకనాడు ఆ కల మరల వచ్చి, దిగబోవునంతలో చెదరిపోయెను. తుదకు కొలువున నిలువలేక, ఫోనులో భార్యను వేడుకొనగా ఆమె మాట వినక ఫోను పెట్టివేసెను. ఆ సాయంకాలము విల్లోబీ వచ్చినది. అతడు దిగినాడు. ఊరివారు పేరుపెట్టి పలుకరించిరి. ఇవతల రైలుపట్టాల ప్రక్కన మంచులో అతని దేహము పడియున్నది. నడచుచున్న బండినుండి అతడు దూకినాడు. దేహమును కొనిపోవుటకు వచ్చిన శవవాహనముపై అంత్యక్రియల సంస్థ పేరు వ్రాసియున్నది: విల్లోబీ అండ్ సన్.

కల కల్ల యని తేల్చి ఈ కథను త్రోసివేయుట సులువు. శ్రీభాష్యకారులు అంత సులువుగా త్రోసివేయలేదు. కలలో రథములు, గుఱ్ఱములు, బాటలు కనబడుచున్నవి. వానిని ఎవడు సృజించుచున్నాడు? జీవుడని పూర్వపక్షము. ఈశ్వరుడే యని భగవద్రామానుజుల సిద్ధాంతము. సంసారమున జీవుని స్వరూపము పూర్తిగా ప్రకాశింపదు గనుక అంతటి సృష్టి అతనికి శక్యము కాదు. సూత్రములోని మాయాశబ్దమునకు వారు చెప్పిన యర్థము ఆశ్చర్యమని. ఆ జీవుని కర్మకు తగినట్లు, అతడొక్కడే అనుభవించుటకై, ఆ కాలమునకు మాత్రమే స్వామి దానిని కల్పించును. కనుక విల్లోబీ చూచినందులకు విలియమ్సును తప్పుపట్ట నక్కరలేదు. ఆ కాలమునకు మాత్రమే యిచ్చినదానిలో కాపురము పెట్టబోవుట వలననే చేటు వచ్చినది.

సింహాచల క్షేత్రమాహాత్మ్యమున దీనికి ఎదురైన ఘట్టమొకటి కలదు. హిరణ్యకశిపుని యాజ్ఞచే భటులు ప్రహ్లాదుని సముద్రమున త్రోసి, పైన కొండను ఉంచిరి. స్వామి పరుగున వచ్చి కొండపై దూకగా అది ఒక ప్రక్కకు ఒరిగి, బాలుడు వెలికి వచ్చెనని స్థలపురాణము. ఆ కొండయే సింహగిరి. పైన కొండ, క్రింద కడలి, త్రోయించినవాడు కన్నతండ్రి. ఇంతకంటె దుస్సహమైన యథార్థము ఏ కొలువులో నుండును? అయినను ఆ బాలుడు కొండ లేదనుకొనలేదు. వేరొక యూరిని ఊహించుకొనలేదు. ఉన్నవానిని పిలిచినాడు.

తరువాతి కథ మరియు గమనింపదగినది. స్తంభమునుండి వెడలి దైత్యుని చీల్చిన స్వామి ఆ బాలుని వెంటనే వైకుంఠమునకు కొనిపోలేదు. తండ్రికి ఉత్తరక్రియలు జరుపుమనియు, ఈ మన్వంతరము ముగియువరకు దైత్యరాజ్యము నేలుమనియు ఆజ్ఞాపించినట్లు భాగవత సప్తమస్కంధము చెప్పుచున్నది. ఏ సభలో విషము పెట్టిరో ఆ సభలోనే సింహాసనము!

విశాఖపట్టణవాసులకు ఇది దూరపు మాట కాదు. 1933లో ఓడరేవు తెరచిననాటినుండి ఈ ఊరు ఓడలవేళ నెఱిగి బ్రదుకుచున్నది. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున బ్లాస్టు ఫర్నేసు రాత్రియనక పగలనక మండవలసినదే. దానిని చల్లారనిచ్చిన లోపలి లోహము గడ్డకట్టును. కనుక మనుష్యులు షిఫ్టులవారీగా దానిని కాచుకొనియుందురు. రాత్రి షిఫ్టు ముగించి కూర్మన్నపాలెము దారిలో బస్సున కునుకుతీయువానికి ఏ విల్లోబీ కానవచ్చునో ఎవరెరుగుదురు? ఒకనికి సీసాలో, ఒకనికి అరచేతి ఫోనులో. కొందరికి గుడిలోనే కానవచ్చునని చెప్పక తప్పదు. ఇంట అప్పును, మంచమెక్కిన తల్లిని విడిచి కొండయెక్కి, గంటసేపు చందనపు పరిమళమున అన్నియు మరచి, ఆ మరపునే భక్తి యనుకొనువారు కలరు.

ఇంటివారికిని ఒక మాట కలదు. ఆ కథలో విలియమ్సుతో ఆదరముగా మాటలాడినవాడు కండక్టరొక్కడే. టికెట్టు చూచువాడు ఎంతసేపు నిలువగలడు? ఫోను పెట్టివేయకున్న అతడు బ్రదికియుండెడివాడేమో. కొండక్రింద నున్నవాడు పిలిచినపుడు పరుగెత్తుట నరసింహుని పని యని ఊరకుండరాదు. స్వామి మనుష్యుల కాళ్లతోను పరుగెత్తును.

ఇక సింహాద్రినాథుడు ఏడాదిపొడవునను చందనము మాటున నుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రము నిజరూపమును చూపును. ఆ యెండలో వేలాదిజనులు గంటలకొలది నిలుచునది ఆ నిజరూపము కొరకే. ఆషాఢ పూర్ణిమవేళ గిరిప్రదక్షిణకు బయలుదేరినవారు తొలిపావంచాయొద్ద కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు నడతురు. ఆ బాట అడవిలోనికి పోదు. హనుమంతవాక, సముద్రతీరము, కంచరపాలెము, గోపాలపట్టణము, అన్నియు వారు నిత్యము కొలువునకు తిరుగు వీధులే. రాత్రియెల్ల నడచి, స్వామిని సేవించి, పాదముల బొబ్బలతోనే ఉదయపు షిఫ్టునకు పోవువారు వారిలో కలరు.