పొరుగింటికి నిప్పంటుకుంటే...



ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. మన పెద్దలు చెప్పిన ఈ సామెత మీరందరూ ఎరిగినదే. వినగానే నవ్వొస్తుంది గాని, అందులో పెద్ద ప్రశ్నే దాగి ఉంది. పొరుగువాని ఆపదకు నేను బాధ్యుణ్ణా? బాధ్యుణ్ణయితే ఆ బాధ్యతను నా మీద పెట్టింది ఎవరు? చట్టమా, మొహమాటమా, ప్రేమా? తత్వవేత్తలు ఈ ప్రశ్న మీద గ్రంథాలు రాశారు. జర్మనీ, ఆస్ట్రియా దేశాల పల్లె ప్రజలు మాత్రం ఊరూరా స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు కట్టుకొని దీనికి జవాబు చెప్పారు. వాటి చరిత్రను ఈ వారం కాస్త తెలుసుకుందాం. అందులో మెచ్చుకోదగినది ఎంతో ఉంది. తల దించుకోవలసినది కూడా ఉంది.

ఆ ప్రాంతాల విశ్వాసులు అగ్ని ప్రమాదాల నుండి కాపాడమని వేడుకునేది పునీత ఫ్లోరియన్ గారిని. ఆయన రోమా సామ్రాజ్యంలో ఒక అధికారి. క్రీ.శ. 304లో, డయక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసించిన కాలంలో, ఆయన మెడకు రాయి కట్టి ఎన్స్ నదిలో పడవేశారని సంప్రదాయం చెబుతున్నది. మే 4న ఈ వేదసాక్షి పండుగ. బవేరియా, ఆస్ట్రియా గ్రామాల గుళ్ళలో ఆయన స్వరూపం రోమను సైనికుని వేషంలో, మండుతున్న ఇంటి మీద నీళ్ళు కుమ్మరిస్తూ కనిపిస్తుంది. అయితే ఆ ప్రజల నోళ్ళలోనే ఆయన పేరు మీద ఒక కొంటె ప్రార్థన కూడా నానుతూ వచ్చింది. మా ఇల్లు విడిచిపెట్టు, కాల్చదలిస్తే ఇంకొకరిది కాల్చు అని దాని భావం. తన కష్టాన్ని పక్కవాడి మీదికి నెట్టే బుద్ధిని జర్మను భాషలో నేటికీ “ఫ్లోరియన్ సూత్రం” అంటారు. పునీతుడు ఒక్కడే. ఆయన ముందు చేసే ప్రార్థనలు మాత్రం రెండు. ఈ దళాల చరిత్ర అంతా ఈ రెండు ప్రార్థనల మధ్య పోరాటమే అనిపిస్తుంది.

పూర్వం అక్కడి ఊళ్ళలో నిప్పు అంటుకుంటే గుడి గంట మోగించేవారు. జనం తోలు బొక్కెనలతో పరుగెత్తేవారు. మంటలు ఆర్పడం అందరి విధి అని ఎన్నో చోట్ల కట్టుబాటు ఉండేది. కాని ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి మాట వినాలో తెలియక గందరగోళం. అందరి పని చివరకు ఎవరి పనీ కాకుండా పోయేది. హైడెల్‌బెర్గ్ పట్టణంలో మంటలార్పే పంపులు తయారుచేసిన కార్ల్ మెట్స్ ఈ లోపాన్ని గమనించాడు. పంపు ఎంత మంచిదైనా శిక్షణ పొందిన మనుషులు లేకపోతే దండగే అని ఆయన వాదన. 1846లో డుర్లాఖ్ అనే చిన్న పట్టణంలో అలాంటి స్వచ్ఛంద దళం ఏర్పడింది. మరుసటి ఏడు, 1847 ఫిబ్రవరి 28న, సమీపంలోని కార్ల్స్‌రూహె నగరంలో రాజనాటకశాల తగలబడి 60 మందికి పైగా చనిపోయారు. డుర్లాఖ్ దళం అక్కడికి వెళ్ళి క్రమశిక్షణతో చేసిన పని చూసి, ఇతర పట్టణాలు కూడా దళాలు కట్టుకోసాగాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 1857లో ఫ్రాన్స్ థుర్నర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక దళాన్ని స్థాపించాడు. ఆ శతాబ్దం ముగిసేనాటికి ఈ ఏర్పాటు పల్లెపల్లెకూ పాకింది.

నేడు ఆస్ట్రియా మొత్తంలో జీతం తీసుకునే సిబ్బందితో నడిచే నగర అగ్నిమాపక దళాలు ఆరు నగరాలలోనే ఉన్నాయి. మిగిలిన ఊళ్ళను ఇంచుమించు అంతా కాపాడేది స్వచ్ఛంద సభ్యులే. వారి సంఖ్య మూడు లక్షలకు పైనే. జర్మనీలో అయితే సుమారు పది లక్షలు. రైతు, వడ్రంగి, రొట్టెలు కాల్చేవాడు, బడిపంతులు, ఇప్పుడు స్త్రీలు కూడా ఇందులో ఉన్నారు. దళం భవనం పక్కనే తడిసిన గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి చిన్న గోపురం ఉంటుంది. కొత్త బండి కొనడానికి డబ్బు చాలకపోతే ఊరంతా కలిసి ఉత్సవం జరిపి పోగు చేస్తారు. పునీత ఫ్లోరియన్ పండుగ దినాలలో యూనిఫారాలు వేసుకొని వరుసగా దివ్యబలిపూజకు వస్తారు. దేవునికి మహిమ, పొరుగువానికి రక్షణ అనే భావం గల మాటలు వారి పతాకాల మీద కనిపిస్తాయి.

ఇందులో తత్వం ఏమున్నదని అడుగుతారేమో. ప్రేమించడమంటే ఎదుటివాని మేలు కోరడమని పునీత తోమాసు అక్వినాసు వారు బోధించారు. ప్రేమ ముఖ్యంగా సంకల్పానికి సంబంధించినది. జాలి కలిగినప్పుడు సాయం చేయడం మంచిదే. కాని జాలి మన మాట వినదు. మనకు నచ్చినవాని మీద ఒకలాగా, గట్టు తగాదా ఉన్నవాని మీద ఇంకొకలాగా ఉంటుంది. దళంలో చేరిన రైతు మాత్రం నిప్పు ఎవరింటికి అంటుకుంటుందో తెలియకముందే మాట ఇచ్చేస్తాడు. రాత్రి రెండు గంటలకు సైరను మోగితే, తనతో పదేళ్ళుగా మాటల్లేని మనిషి ఇంటికైనా సరే వెళ్ళాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టు అంటాం గదా! మన మనసులో కూడా ఆ బావిని ముందే తవ్వి ఉంచుకోవాలి. నెలనెలా చేసే ఆ శిక్షణ గొట్టాలు పట్టడం నేర్పడంతో ఆగదు, మంచిని అలవాటుగా మారుస్తుంది.

మరి చట్టం చేసి అందరినీ రప్పిస్తే సరిపోదా? దక్షిణ జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో అలాంటి చట్టమే ఉండేది. పురుషులు దళంలో సేవ చేయాలి, లేదా ఏటా రుసుము కట్టాలి. టెట్నాంగ్ పట్టణవాసి ఒకరు దీనిపై స్ట్రాస్‌బూర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. రుసుము మగవారికే విధించడం వివక్ష అని 1994 జులై 18న తీర్పు వచ్చింది. ఆ తీర్పులో ఒక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. స్వచ్ఛందంగా వచ్చేవారు ఎప్పుడూ చాలినంతమంది ఉన్నందువల్ల, నిజానికి ఏ పురుషుణ్ణీ బలవంతంగా సేవకు పిలవవలసి రాలేదట! చట్టం పుస్తకంలో ఉండగానే, మనుషులు తమంతట తామే వచ్చి నిలబడ్డారు.

అయితే ఈ చరిత్రలో ఒక చీకటి రాత్రి ఉంది. 1933 తర్వాత హిట్లరు పాలనలో యూదులను దళాల నుండి తొలగించారు. 1938 నవంబరు 9, 10 తేదీలలో దేశమంతటా యూదుల ప్రార్థనామందిరాలకు నిప్పు పెట్టారు. వాటిని ఆర్పవద్దు, చుట్టుపక్కల ఇళ్ళకు మాత్రం మంట పాకకుండా చూడండి అని అగ్నిమాపక దళాలకు ఆజ్ఞ. ఎన్నో ఊళ్ళలో దళాలు అలాగే చేశాయి. గొట్టాలు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి, శిక్షణ ఉంది. పక్కింటి కప్పును తడుపుతూ, ఎదురుగా ప్రార్థనామందిరం బూడిద అవుతుంటే చూస్తూ నిలబడ్డారు. మా ఇల్లు విడిచిపెట్టు, ఇంకొకరిది కాల్చు అన్న కొంటె ప్రార్థన ఆ రాత్రి ప్రభుత్వ ఆజ్ఞగా మారింది. అందరూ అలా లేరు. బెర్లిను నగరంలో విల్హెల్మ్ క్రూట్స్‌ఫెల్డ్ అధికారిగా ఉన్న పోలీసు ఠాణా సిబ్బంది అల్లరిమూకను వెళ్ళగొట్టి, అగ్నిమాపక దళాన్ని రప్పించి, ఓరానియెన్‌బుర్గర్ వీధిలోని పెద్ద ప్రార్థనామందిరాన్ని కాపాడారు. కాబట్టి వేరే దారి లేకపోయింది అనే సాకు పూర్తిగా చెల్లదు.

ఇక్కడ మనం లూకా సువార్త 10వ అధ్యాయం తెరవాలి. నా పొరుగువాడు ఎవడు అని ధర్మశాస్త్ర బోధకుడు అడిగినప్పుడు ప్రభువు సమరీయుని కథ చెప్పారు. పొరుగువారి జాబితా ఎవరైనా మన చేతికి ఇచ్చి, ఈ పేరు కొట్టివేశాం అన్న రోజున ఎంత గొప్ప సేవాసంఘమైనా సువార్తకు దూరమవుతుంది. మంచి అలవాటు ఒక్కటే చాలదు. ఆ అలవాటుకు కళ్ళుగా మనస్సాక్షి మెలకువగా ఉండాలి.

మన పల్లెల్లో వేసవిలో గడ్డివామికో పూరింటికో నిప్పంటుకుంటే 101కి ఫోను చేస్తాం. ఫైరింజను వచ్చేలోగా బిందెలతో చేరేది ఇరుగుపొరుగే. మీ విచారణలోని యువజనులు ఒక ఆదివారం కూర్చొని, ఏ బావిలో నీళ్ళున్నాయి, ముసలివారు, మంచాన పడినవారు ఏ ఇళ్ళలో ఉన్నారు, ముందు ఎవరు ఎక్కడికి వెళ్ళాలి అని రాసి పెట్టుకోగలరా? రాసేటప్పుడు ఊరి చివరి పేటను, వేరే మతం వారి వీధిని, మనతో మాటలు లేని ఇంటిని విడిచిపెట్టకండి. మన కాగితం మీద ఏ ఇల్లు తప్పిపోయిందో చూసుకుంటే, పొరుగువాణ్ణి మనం ఎంతవరకు ప్రేమిస్తున్నామో అక్కడే తెలిసిపోతుంది.