చెంబెడు నీరు – భూతదయకు తొలిపాఠము

భగవంతుడు సర్వాంతర్యామి యని పిల్లలకు చెప్పని ఆస్తికగృహ ముండదు. స్తంభమునందున్న స్వామి చెట్టునందు, చీమయందు, నీటియందు లేకపోవునా? ఐనను ఈ మాటను బాలుడు వల్లించుట వేరు, నమ్ముట వేరు. వల్లించుటకు నాలుక చాలును. నమ్ముటకు కన్నులును, చేతులును కూడ కావలయును. పసివారికి ప్రకృతిని గూర్చి యెట్లు బోధింపవలెనను ప్రశ్నకు మూల మిచ్చటనే కలదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో ఈ ప్రశ్న కేవలము పండితచర్చ కాదు. మొదటి రెండును పినాకినీతీరమున వెలసిన పట్టణములు. వానలు తప్పిన యేట ఆ పెన్నయే ఇసుకపర్రయై కానవచ్చును. పులివెందుల ప్రాంతమున బోరుబావి అడుగంటిననాడు, బిడ్డవలె పెంచిన చీనీతోట ఎండుటను రైతు నిస్సహాయుడై చూచును. ఇట్టిచోట మొక్కకు పోయు చెంబెడు నీరు అల్పదానము కాదు.

కావున ఇచ్చటి బిడ్డకు తొలిపాఠము నీటితోనే ఆరంభము కావలయును. బియ్యము కడిగిన నీటిని పారబోయక, పెరటి కరివేపకు పోయుమని తల్లి బిడ్డచేతి కియ్యవచ్చును. నల్లరేగడిమట్టిని, ఏటియిసుకను రెండు చిల్లిముంతలలో నింపి నీరు పోసినచో, ఏది నీటిని పట్టియుంచునో, ఏది విడుచునో ఐదేండ్ల బిడ్డయు చెప్పగలదు. చింతగింజను తడిగుడ్డలో నుంచి దినదినము చూపినచో, ఆకుకంటె ముందు వేరు వెలువడుటను గ్రహించును. కానరానిది ముందు, కనబడునది పిదప అను సత్యమును వేరుగా బోధింపనక్కరలేదు.

మట్టిలో చేయిపెట్టినంతనే దయ కలుగునా యని కొందరు శంకింతురు. ఆ శంక న్యాయమే. మొక్క నాటిన చేయియే తూనీగ తోకకు దారము కట్టును. గూటిలోని గ్రుడ్డును తీయును. కుతూహలమునకు హద్దు లేనిచో అది హింసయగును. అందులకే మన పెద్దలు చేతికి పని నిచ్చుటతో ఆగక, పనికి నియమమును గూడ ఏర్పరచిరి. తులసిని నిత్యము కోయుమనిరి గాని ద్వాదశినాడు కోయరాదనిరి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట చెట్టును ముట్టవలదనిరి. పత్రి కొరకు తోటలవెంట తిరిగిన బాలుడు ఇరువదియొక్క ఆకులను గుర్తెరుగుటయే గాక, కావలసినంతయే కోయుటను గూడ నేర్చెను.

శ్రీరామానుజుల ఆజ్ఞచే తిరుమలపై పూదోట పెంచిన అనంతాళ్వారుల చరిత్ర వైష్ణవులెల్ల రెరిగినదే. కొండ దిగిన పిమ్మట ప్రసాదపుమూటలో చీమలు కానరాగా, స్వామిసన్నిధినుండి వానిని వేరుచేయరాదని ఆయన మరల కొండ నెక్కిరని పెద్దలు చెప్పుదురు. తోటపని చేసిన చేతికే ఆ చీమ బరువు తెలిసినది.

కడప జిల్లాలోనే మరియొక నిదర్శనము కలదు. 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించిన కలివికోడి 1900 తరువాత కానరాక, నశించినదని తలపబడెను. 1986 జనవరిలో లంకమల ప్రాంతపు పొదలలో అది మరల కనబడెను. గ్రంథములు లేదనుకొన్న పక్షిని ఆ యడవినెరిగిన పల్లెవాసులు ఎరిగియే యుండిరి. బీడని మనము తలచు ముళ్లపొదయే దానికి గృహము. మొక్కలు నాటుట యెంత పుణ్యమో, ఉన్నదానిని చెరుపకుండుటయు నంతియే పుణ్యమని బిడ్డ లెరుగవలయును.

జీవులయెడ కరుణ చూపుట పౌరుల ప్రాథమిక కర్తవ్యమని 1976 నాటి 42వ రాజ్యాంగసవరణ చెప్పినది. విద్యాలయములలో పర్యావరణమును బోధింపవలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. ఆదేశముచే పాఠము వచ్చును. దయ మాత్రము ఇంటనే మొలకెత్తవలయును. పండుగనాడు మొక్క నాటించి మరునాడు మరచు పెద్దలను చూచి, బిడ్డ మరచుటనే నేర్చును.

ఎంత సాకినను ఒక్కొక్కతరి మొక్క ఎండును. బిడ్డ కన్నీరు పెట్టును. అప్పుడు "మరియొకటి తెత్తుములే" యని పెద్దలు దానిని త్రోసివేయరాదు. ప్రక్కన కూర్చుండి, నీరు చాలలేదా, ఎండ హెచ్చెనా, మేక మేసెనా యని కలిసి విచారింపవలయును. అన్యప్రాణి కొరకు బిడ్డ కార్చిన ఆ కన్నీరే భూతదయకు తొలిమొలక. దానిని కాపాడిన గృహమున శ్రీమన్నారాయణుని సేవ జరుగుచునే యున్నదని యెరుగవలయును.