ఆమె ఇవ్వని కథ

అమెరికాలో 1975లో మొదలైన అమ్మాయిల రాక్ బృందం 'ది రన్‌అవేస్'. వాళ్లమీద ఫ్లోరియా సిజిస్మోండి తీసిన సినిమా 2010లో వచ్చింది. అందులో బేస్ గిటార్ వాయించిన జాకీ ఫాక్స్ లేదు. తన జీవితకథ హక్కులివ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ స్థానంలో రాబిన్ అనే కల్పిత పాత్రను పెట్టారు. కానీ సినిమా పాటల ఆల్బమ్‌లో చేర్చిన 'హాలీవుడ్' 1977లో విడుదలైన అసలు రికార్డింగ్. అందులోని బేస్ జాకీదే.

మరుగునపడ్డ స్త్రీలను వెలికితీయడం సాహిత్య పరిశోధకురాలిగా నేను నేర్చుకున్న పని. మరి తానే తప్పుకున్న స్త్రీ సంగతేమిటి?

పదహారేళ్ల వయసులో బృందం మేనేజర్ కిమ్ ఫౌలీ తనపై అత్యాచారం చేశాడని జాకీ 2015లో బయటపెట్టింది. అది తెలిశాక ఆమె అంతకుముందరి మౌనాన్ని పిరికితనమనలేను. సినిమాకు ఒప్పుకోకపోవడానికి కారణం అదేనని తేల్చే హక్కూ నాకు లేదు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో ఆమే నిర్ణయించుకుంది.

స్త్రీలు మాట్లాడాలని కోరే మనం వాళ్లు మాట్లాడని ఏళ్లను కూడా గౌరవించాలి. లేకపోతే మనమూ వాంగ్మూలం కోసం ఒత్తిడి చేసేవాళ్లమే అవుతాం. ఆమె వాయించింది వింటాను. చెప్పనిదాన్ని ఊహించి పూరించను.